కాట్లకు కొలతలు

"ఇంట్లో అందరినీ పీక్కు తింటున్నాయి, నీ జోలికి మాత్రం ఒక్కటీ రాదేమిటోయ్?" అన్నాడాయన.

గోడకేసి తిరిగి నిలబడి, నిక్కరు కాస్త పైకి పట్టుకుని, మోకాళ్ళ వెనక చల్లటి తడిగుడ్డ అద్దించుకుంటూ అన్నాడు. అద్దుతున్న మనిషినే అంటున్నానన్న ధ్యాస ఆయనకు ఉన్నట్టు లేదు. టేపక్క గుడ్డ తీసి, దూది ముంచి, ఎర్రగా పొంగిన ఒక్కో దద్దు మీదా గులాబిరంగు లోషన్ అద్దింది. "ఆరేదాకా కూర్చోకండి, గోక్కోకండి" అని చెప్పి చేతులు కడుక్కుంది.

టేపక్క అన్నది ఆమెకు పెట్టిన పేరు కాదు, పడిన పేరు. స్కూలు యూనిఫారాలు కుట్టే యూనిట్లో పద్నాలుగేళ్ళుగా పని చేస్తోంది. కొలతల టేపు మెడలో లేకుండా ఆమెను చూసినవాళ్ళు తక్కువ. ఒకసారి మరిచిపోయి అలాగే ఒక పెళ్ళికి వెళ్ళిపోతే, ఆడపడుచు కొత్త గొలుసేమోనని కళ్ళు చికిలించుకుంటూ దగ్గరకొచ్చి చూసి మూతి ముడుచుకుంది. ఆ కథ యూనిట్లో నలభైమంది ఆడవాళ్ళకీ తెలుసు. అప్పటినుంచీ ఆమె టేపక్క.

మూడు వారాలుగా ఆమె పొద్దుటి పని పెరిగింది. ఇదివరకు టిఫిను, మూడు డబ్బాలు, పాప జడ, బస్సు. ఇప్పుడు వీటన్నిటికీ ముందు మూడు ఒళ్ళు. మొదట తొమ్మిదేళ్ళ పాప. ఏడుస్తుంది, గింజుకుంటుంది, గోళ్ళు ఎంత కురచగా కత్తిరించినా ఎలాగో ఒకలాగ గోక్కుంటుంది. తర్వాత ఆయన. చివర అత్తగారు, ఆవిడ మెడా మోచేతులూ చూపించి "చాల్లేమ్మా, వెళ్ళు, నీకు బస్సు పోతుంది" అంటుంది, కానీ కదలదు. ఒక్కొక్కరికీ కుట్టినచోట సబ్బునీళ్ళతో కడగడం, అయిదు నిమిషాలు చల్లటి గుడ్డ, తర్వాత లోషన్. ఈ పనికి థాంక్స్ చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఇంట్లో ఆమె చేసే పనులకి గాలికి, వెలుతురుకి ఉన్నంత గుర్తింపు ఉంది. ఆగిపోతే తప్ప తెలియదు.

మొదట్లో దోమలే అనుకున్నారు. ఆయన వీరావేశంతో రంగంలోకి దిగాడు. దోమల చుట్టలు వెలిగించాడు, స్ప్రే కొట్టి అందరినీ దగ్గించాడు, తన కాళ్ళకి టూత్‌పేస్టు రాసుకుని ఒక పూటంతా పుదీనా వాసనేసుకుంటూ తిరిగాడు. కిటికీలకు జాలీ కొట్టించమన్నాడు, అంటే ఆమె కొట్టింది. దోమతెరలు కొనుక్కొచ్చాడు, అంటే ఆమె చుట్టూ మడతలు కుట్టి మంచాలకు కట్టింది. దోమలు తగ్గాయి. కాట్లు తగ్గలేదు. దోమ అయితే ఇక్కడొకటి అక్కడొకటి కుట్టి పోతుంది. ఇవి వరసగా మూడు, కాస్త ఎడం ఇచ్చి మళ్ళీ మూడు.

పాప ఎడమ చేతి మీద ఒకటి గోకి గోకి చీము పట్టడంతో ఆ సాయంత్రం క్లినిక్కుకి తీసుకెళ్ళారు. ఆయనా వచ్చాడు. డాక్టరు దురదకి సిరప్పు, పుండుకి ఆయింట్‌మెంటు రాసిచ్చి తర్వాతి పేషెంటు వైపు తిరిగిపోయింది. కట్టు కట్టిన నర్సు మాత్రం పాప చేతిని వెలుతురులోకి తిప్పి చూసింది.

"వరసలో ఉన్నాయి. నల్లుల్లా ఉన్నాయమ్మా" అంది.

"నల్లులా! మా ఇంట్లోనా!" అన్నాడాయన, ఎవరో తన వంశాన్ని తిట్టినట్టు.

"నల్లులకి ఇల్లు మంచిదా చెడ్డదా అని ఉండదండీ. శుభ్రంగా ఉన్న ఇంటికీ వస్తాయి. జబ్బులు అంటించవు కానీ నిద్ర పాడు చేస్తాయి, గోక్కుంటే ఇలా పుండు పడుతుంది. ఈ ఎరుపు చుట్టూ పాకినా, వేడిగా ఉన్నా, జ్వరం వచ్చినా వెంటనే తీసుకురండి. ముందు అవి ఎక్కడున్నాయో వెతకండి. మంచాల సందులు, పరుపు కుట్లు, చెక్క పగుళ్ళు..."

"మా ఆవిడ బట్టల యూనిట్లో పని చేస్తుంది సిస్టర్. అక్కణ్ణుంచి రావచ్చు కదా?"

"రావచ్చు. ఎక్కణ్ణుంచైనా రావచ్చు. చూస్తేగా తెలిసేది."

ఆయన చెవులు ఆ జవాబులోంచి మొదటి ముక్క ఒక్కటే ఏరుకున్నాయి. ఇంటికి రాగానే అత్తగారికి చెప్పాడు. "నర్సే చెప్పిందమ్మా, బట్టల్లోంచి వస్తున్నాయట."

ఆ మర్నాటినుంచి ఆమె సంచీకి ఇంట్లో చోటు లేదు. గేటు పక్క కొక్కేనికి తగిలించి రావాలి. పని నుంచి రాగానే పెరటి బాత్‌రూములో బట్టలు మార్చుకుని, విడిచినవి బకెట్లో నానేసి అప్పుడు వంటింట్లో అడుగుపెట్టాలి. ఆ బట్టలతో వంటింట్లోకి రాకూడదు కానీ వంట మాత్రం ఆమే చేయాలి. ఇందులో ఉన్న తమాషా ఆ ఇంట్లో ఆమెకొక్కదానికే కనిపించింది. పాప ఒకరోజు తలుపు దగ్గర నిలబడి, "అమ్మా, నీ పక్కన పడుకోవద్దన్నారు నాన్న. కొన్నాళ్ళేనట" అని తనే ఓదార్చింది. ఆమె సరేనంది. బాత్‌రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి, కాసేపు అలాగే నిలబడింది.

ఇదంతా ఆమె భరించేదే. పద్నాలుగేళ్ళుగా ఇలాంటివి భరించడంలో చెయ్యి తిరిగింది. అసలు దెబ్బ ఆ తర్వాతి రాత్రి భోజనాల దగ్గర పడింది.

"ఒకటో తారీఖు నుంచి ఇంక వెళ్ళకు. పిల్ల ఒళ్ళు చూశావుగా. నీ సరదా కోసం దాన్ని చిత్రవధ చెయ్యలేను" అన్నాడాయన, మజ్జిగ కలుపుకుంటూ.

వచ్చే సోమవారమే ఒకటో తారీఖు. ఆ రోజునుంచి ఆమె కటింగ్ మాస్టరు. ఇన్నేళ్ళూ చేసిన మాస్టరుగారు రిటైరవుతున్నారు. ఆ యూనిట్ పెట్టినప్పటినుంచీ ఆ బల్ల ముందు ఆడది మాస్టరుగా నిలబడలేదు. కాగితం మీద కొలతలు గీసేది, తప్పులు దిద్దేది, వంద పొరల గుడ్డ మీద ఏ సైజు ఎలా సర్దితే ముక్క వృథా కాదో చెప్పేది ఆమే, అయినా రిజిస్టర్లో ఆమె హెల్పరు. ఆ మాట మారబోతోందని చెప్పిన రోజు ఆయన టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా, "అదేమన్నా ఆఫీసరు ఉద్యోగమా?" అన్నాడు. అప్పుడు ఊరుకుంది. ఇప్పుడు మాత్రం వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టేసింది.

"నల్లులు నేనే తెస్తున్నానని ఎవరు చూశారండీ?"

"చూడక్కర్లేదు. నిన్నొక్కదాన్నీ కుట్టట్లేదు. మోసుకొచ్చేదాన్ని అవేం చేస్తాయి?"

అత్తగారు మెడ వెనక చెయ్యి పెట్టి గోక్కుంది.

ఆ రాత్రి ఆమెకి బాధ కలిగించింది ఆయన మాట కాదు. నిజమేనేమో అని తనకు తోచడం. ఇంటికి ఏ చెడు వచ్చినా తన వెంటే వచ్చిందని నమ్మడానికి మనసు ఎంత సిద్ధంగా ఉందో చూసుకుని తనే విస్తుపోయింది. పాపకి మార్కులు తగ్గితే తను పనికి పోతోంది కాబట్టి. అత్తగారికి నడుం నొప్పి అయితే తను సాయంత్రం ఆలస్యంగా వచ్చింది కాబట్టి. ఆయనకి ప్రమోషన్ రాకపోతే ఇంట్లో మనశ్శాంతి లేదు కాబట్టి. ఇన్నేళ్ళుగా ఒక్కొక్కరూ ఒక్కొక్క తప్పు తెచ్చి ఆమె చేతిలో పెడుతుంటే, కూరగాయల సంచీ అందుకున్నట్టు అందుకుంటూ వచ్చింది. అందుకోవడం అలవాటైపోయి, ఇది నాది కాదు అనే మాట నోట్లోనే ఎండిపోయింది.

తెల్లారి యూనిట్లో టార్చిలైటు పట్టుకుని గుడ్డ బేళ్ళు నిలవుంచే గది, తన బల్ల, బెంచీలు, తన సంచీ అడుగు, అన్నీ వెతికింది. మిషన్ల మీది ఆడవాళ్ళూ వెతికారు. ఒక్క నల్లీ లేదు, ఒక్క మచ్చా లేదు. నలభైమందిలో ఒక్కరికీ కాట్లు లేవు. సాయంత్రం ఇంట్లో మంచాల మరలు విప్పి, పరుపుల కుట్ల వెంట వేలు పెట్టి చూసింది. అక్కడా లేవు. మరలు మళ్ళీ బిగిస్తుంటే ఆయన పక్కగదిలోంచి ఆ చప్పుడేమిటన్నాడు.

ఆమెకి నూనె మరకలు గుర్తొచ్చాయి.

రెండేళ్ళ కిందట ఒక స్కూలు నుంచి మూడొందల చొక్కాలు తిరిగొచ్చాయి, మరకలున్నాయని. ఓనరుగారు మిషన్ల మీది ఆడపిల్లల్ని వరసగా నిలబెట్టి, చేతులు కడుక్కోరా, తిన్న చేతుల్తో కూర్చుంటారా అని తిట్టిపోశాడు. టేపక్క ఆ చొక్కా కొలతలకు కత్తిరించిన పేపరు కటింగును బల్లమీద పరిచి, ఒక్కో చొక్కా తీసి, మరక ఉన్నచోట పెన్సిలుతో చుక్క పెడుతూ పోయింది. అరవయ్యో చొక్కాకే తేలిపోయింది. చుక్కలన్నీ ఒక్కచోటే, జేబు కింద రెండంగుళాల మేర. చేతి మరకలైతే చొక్కా అంతా ఉండాలి. జేబు కుట్టే మిషను విప్పి చూస్తే సూది పైన నూనె కారుతోంది. మాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మరకని చూసి అందరూ మనిషిని వెతుకుతారమ్మా. నువ్వు చోటు వెతికావు" అన్నారు. మర్నాడు తన పెద్ద కత్తెర ఆమె చేతికిచ్చారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఆమె వెన్ను నిటారుగా అవుతుంది.

ఇంట్లో తలుపు వెనక మేకుకి మూడు పేపరు కటింగులు వేలాడుతుంటాయి. బ్రౌన్ పేపరు మీద గీసి కత్తిరించినవి, పైన పెన్సిలుతో పేర్లు. "ఆయన", "అత్తయ్య", "పాప". ఇంటిల్లిపాది బట్టలూ ఆమే కుడుతుంది. ఆయనకి చొక్కాలు, నిక్కర్లు. అత్తగారికి నైటీలు. పాప ఆరు నెలలకోసారి పొడుగవుతుంది కనుక దాని కాగితాలు ఎప్పుడూ కొత్తవి.

ఆ మూడూ దింపింది. ముందుభాగం, వెనకభాగం, చేతులు విడివిడిగా బల్లమీద సర్దింది. బట్ట అంచు దాటి ఒళ్ళు కనబడేచోట పాత న్యూస్‌పేపరు అతికించి పొడిగించింది. పాప రంగుపెన్సిళ్ళ డబ్బా తెచ్చుకుంది. రోజుకో రంగు. పొద్దున్నే మామూలుగా కడిగి, గుడ్డ అద్ది, లోషన్ రాస్తూ కొత్తగా లేచిన కాట్లు ఎక్కడెక్కడున్నాయో గుర్తుపెట్టుకుంది. బస్సుకి పరిగెత్తే ముందు రెండు నిమిషాల్లో కాగితం మీద పెట్టేది. ఎంత దూరంలో ఉందో అడగక్కర్లేదు ఆమెని. చూపే టేపు.

"ఏంటమ్మా అది?" అంది పాప.

"హోంవర్కు."

"నీక్కూడా ఇస్తారా?"

"నాకే ఎక్కువ ఇస్తారు" అందామె.

శనివారం మధ్యాహ్నం హాఫ్ డే. ఇంటికొచ్చి బట్టలు మార్చుకుని, వంటగది నేలమీద కాగితాలన్నీ పరిచింది. అయిదు రోజుల రంగులు. చూస్తూ చూస్తూ ఆమె నెమ్మదిగా వంగింది.

ముందుభాగాలు ఖాళీ. ఆయన ముందుభాగం మీద ఒక్క చుక్క లేదు, అత్తగారి ముందుభాగం మీదా లేదు. అంతా వెనకే. ఆయనకి నిక్కరు అంచు కింద తొడల వెనక, మోకాళ్ళ వెనక, చొక్కా పొట్టి చేతుల కింద మోచేతి దాకా. అత్తగారికి నైటీ వెనక మెడ అంచు వెంట వంకీలా ఒక వరస, మోచేతుల దగ్గర మరో వరస. పాపకి మాత్రం వెనకా లేవు, ముందూ లేవు. ఎడమపక్కనే. ఎడమ చెయ్యి, ఎడమ భుజం, ఎడమ పిక్క.

పరుపులో అయితే పాప ఒళ్ళంతా ఉండాలి. నిద్రలో అది గడియారం ముల్లులా తిరుగుతుంది, పొద్దున లేచేసరికి కాళ్ళు దిండు మీద ఉంటాయి. ఇవి పడుకున్న ఒళ్ళు కావు. చొక్కా కాగితాన్ని నడుం దగ్గర మడిచింది. నిక్కరు కాగితాన్ని దానికి అడ్డంగా పెట్టింది. కూర్చున్న మనిషి వచ్చాడు. చేతులు రెండూ దేనిమీదో ఆనించుకుని, వెనక్కి వాలి, హాయిగా కూర్చున్న మనిషి.

ఆమె లేచి వెళ్ళి హాలు గుమ్మంలో నిలబడి చూసింది.

ఆ కుర్చీ వచ్చి నెల అయింది. ఆయన పనిచేసే ఆఫీసులో పాత సామాను అమ్మేస్తుంటే పట్టుబట్టి తెచ్చుకున్నాడు. మెరూన్ రంగు గుడ్డ, మెత్తటి చేతులు, వెడల్పాటి వీపు. ఇద్దరు మనుషులు మోసుకొచ్చి హాలు మధ్యలో దించితే, ఆయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "ఇరవై రెండేళ్ళు ఈ కుర్చీ ముందు ఫైళ్ళు పట్టుకుని నిలబడ్డాను. ఎంతమంది ఆఫీసర్లు మారినా, ఒక్కడూ కూర్చో అనలేదు" అన్నాడు. ఆ రోజు ఆయన గొంతు విని ఆమెకి జాలేసింది. తనే గుడ్డ పెట్టి తుడిచింది. కుర్చీలో ఆయన తప్ప ఎవరూ కూర్చోకూడదని, స్ప్రింగులు పోతాయని మర్నాడే రూలు వచ్చింది. పాప ఎక్కి గెంతితే చీవాట్లు పడ్డాయి.

"పాపా, నువ్వు సాయంత్రం లెక్కలు ఎక్కడ కూర్చుని చేస్తావు?"

"నాన్న కుర్చీ పక్కన, కింద. ఇలా ఆనుకుని" అని చూపించింది. ఎడమపక్కకి.

అత్తగారి సంగతే అంతుబట్టలేదు. ఆవిడ మంచం మీద పత్రిక చదువుకుంటూ ఉంది.

"అత్తయ్యా, మధ్యాహ్నం పూట మీరు ఎక్కడ కూర్చుంటారు?"

"నేనెక్కడ కూర్చుంటానమ్మా? ఈ మంచమే నా లోకం."

టేపక్క నైటీ వెనకభాగం కాగితం ఆవిడ ముందు పెట్టి, మెడ దగ్గరి రంగు చుక్కల్ని వేలితో చూపించింది. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని చూసింది. చెవులు ఎర్రబడ్డాయి. గుమ్మం వైపు ఓ చూపు చూసి, గొంతు తగ్గించింది.

"వాడికి చెప్పకు. మీరంతా వెళ్ళాక ఓ గంట. నడుముకి ఎంత హాయిగా ఉంటుందో! వాడు వచ్చేలోపు గుడ్డ సాపుచేసి లేస్తాను." కాగితం మీద చెయ్యి పెట్టి, "కన్నకొడుకు కుర్చీలో దొంగలా కూర్చుంటున్నాను చూడు" అంది. నవ్వుదామనుకుంది కానీ నవ్వు రాలేదు.

ఆదివారం పొద్దున ఆయన ఆ కుర్చీలోనే ఉన్నాడు, పేపరు పట్టుకుని. "మీ ఓనరుకి ఫోన్ చేశావా? రేపట్నుంచి రానని చెప్పెయ్యి" అన్నాడు పేపరు వెనకనుంచి.

"చేస్తాను. ముందు మీరు ఇది చూడండి" అని ఆమె కాగితాలు తెచ్చి ఆయన కాళ్ళ ముందు పరిచింది. పక్కన వేడి సబ్బునీళ్ళ టబ్బు పెట్టింది. పెద్ద ప్లాస్టిక్ కవరు పెట్టింది. కుట్లు విప్పే చిన్న కత్తి చేతిలో పట్టుకుంది. ఒక్కో రంగూ ఏ రోజుదో, ఒక్కో చుక్కా ఎవరిదో చెప్పింది. యూనిట్లో కొత్తవాళ్ళకి చెప్పే గొంతుతో చెప్పింది. ఆ గొంతు ఈ ఇంట్లో ఎప్పుడూ వినబడలేదు. పాప నోరు తెరుచుకుని చూస్తోంది.

"ఇప్పుడేమంటావు? నా కుర్చీలో ఉన్నాయంటావా?" ఆయన పేపరు దించాడు. "ఇది ఆఫీసరు కుర్చీ!"

"ఆ సంగతి నల్లులకి తెలియదు కదండీ. ఒక్కసారి లేవండి."

"నీ ఉద్యోగం నిలబెట్టుకోడానికి నా కుర్చీ దొరికిందా?"

"అవును. నా ఉద్యోగం నిలబెట్టుకోడానికే" అందామె. "నేను తప్పని తేలితే ఫోన్ ఇప్పుడే చేస్తాను. లేవండి."

ఆయన లేవలేదు. కుర్చీ చేతులు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"లేవరా" అంది అత్తగారు గుమ్మంలోంచి.

"నీకు తెలీదమ్మా, నువ్వూరుకో."

"నాకే తెలుసు. రోజూ నేనూ కూర్చుంటున్నాను."

ఆయన తల్లిని చూశాడు. ఆ మాట అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత నెమ్మదిగా లేచి పక్కకి జరిగాడు.

టేపక్క కుర్చీని ముందుకు వంచి, సీటు అడుగున గుడ్డ మడతపెట్టి కుట్టిన అంచుని వేళ్ళతో తడిమింది. గుడ్డ ఎక్కడ దాస్తుందో ఆమె వేళ్ళకి తెలుసు. మూల దగ్గర దారం కొద్దిగా ఉబ్బింది. కత్తి మొన పెట్టి నాలుగు కుట్లు తెంపి, అంచు తెరిచింది. లోపల గుడ్డ మీద తుప్పురంగు మరకలు, మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు, ఎండిన పొరలు. మడతలోంచి బల్లపరుపుగా, గోధుమరంగులో నాలుగైదు కదిలి పక్క కుట్టులోకి పరిగెత్తాయి. పాప కెవ్వుమంది. ఆమె వాటిని తడిగుడ్డతో ఒడిసిపట్టి టబ్బులో వేసింది.

ఆమెకి గర్వంగా ఉంది. దాచుకోవాలనిపించలేదు. మొహంలో అది అందరికీ కనబడుతోందని తెలుసు, కనబడనీ అనుకుంది.

ఆయన గోడకి ఆనుకుని, అరిచేతులు నిక్కరుకి తుడుచుకుంటున్నాడు. ఓడిపోయిన మనిషి చివరి మాట ఒకటి మిగుల్చుకుంటాడు కదా, ఆయనా అడిగాడు. "మరి నిన్నెందుకు కుట్టలేదు? నువ్వూ ఈ ఇంట్లోనేగా ఉన్నావు?"

ఆమె వంగినదల్లా లేచి నిలబడింది. నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"కుట్టాలంటే కూర్చోవాలి కదండీ. ఈ ఇంట్లో నేను కూర్చోగా మీరెప్పుడైనా చూశారా?"

ఆయన కుర్చీ వైపు చూశాడు. ఇరవై రెండేళ్ళు నిలబడ్డ సంగతి ఆయన ఆ ఇంట్లో అందరికీ చెప్పాడు. బహుశా ఇప్పుడు ఆయనకి అదే గుర్తొచ్చి ఉంటుంది. తల దించుకున్నాడు.

ఆమె ఆయన తల ఎత్తేదాకా ఆగలేదు. పని చెప్పింది. కుర్చీని కవర్లో చుట్టి, మూతి బిగించి పెరట్లోకి మోసింది ఆయనే. దాన్ని ఏం చెయ్యాలో, పూర్తిగా విప్పి బాగుచేయించాలో, పురుగుమందు కొట్టేవాళ్ళని పిలవాలో తర్వాత చూడొచ్చంది. ఇంట్లోకి మాత్రం మళ్ళీ అలా రాదంది. పాత సామాను ఏది తెచ్చినా ముందు బయటే కుట్లు, సందులు, అడుగు చూడాలని పాపకి చెప్పింది. దుప్పట్లు, దిండుగలీబులు, హాల్లో తగిలించిన బట్టలు మరిగిన నీళ్ళలో ముంచి ఆరెయ్యాలి. గోడవార పగుళ్ళు మూసెయ్యాలి. వారం తర్వాత మళ్ళీ వెతకాలి. "దుప్పట్లు మీరు పిండండి" అని ఆయనతో అంది. అలవాటు ప్రకారం తనే చెయ్యబోయిన చెయ్యి సగంలో ఆపుకుంది. ఆయన గుక్కెడు గాలి పీల్చుకుని బకెట్ ఎత్తాడు. గేటు దగ్గర కొక్కేనికి వేలాడుతున్న ఆమె సంచీ పాప వెళ్ళి తీసుకొచ్చి, హాల్లో బల్లమీద పెట్టింది.

కాగితాలు మళ్ళీ మేకుకి తగిలించబోతూ ఆమె ఆగింది. మూడే ఉన్నాయి. ఆయన, అత్తయ్య, పాప. పద్నాలుగేళ్ళలో ఈ ఇంట్లో తనకంటూ ఒక్క కాగితం గీసుకోలేదు. తన బట్టలు ఎప్పుడూ మిగిలిన ముక్కల్లోంచి అందాజాగా అయిపోయేవే. రేపటినుంచి కటింగు బల్ల ముందు మాస్టరు కోటు వేసుకోవాలి. ఓనరుగారు, "కొత్తదెందుకమ్మా, మాస్టరుగారి కోటు ఉందిగా, భుజాలు కాస్త తగ్గించుకో" అన్నాడు, ఆమె కూడా సరేనంది. ఆ కోటు సంచీలోనే ఉంది. తీసి చూసింది. ఎంత తగ్గించినా అది మరో మనిషి కోసం గీసిన గీత.

దాన్ని మడిచి పక్కన పెట్టింది. వంటింట్లోంచి ముక్కాలిపీట తెచ్చుకుని, హాలు మధ్యలో, కుర్చీ ఉన్న ఖాళీలో వేసుకుని కూర్చుంది. పట్టపగలు, ఇంటిల్లిపాదీ పని చేస్తుండగా, ఏ పనీ లేకుండా ఒక్క నిమిషం కూర్చుంది. ఆ నిమిషం చాలా పొడుగ్గా, చాలా బాగుంది. తర్వాత మెడలోంచి టేపు తీసి అత్తగారికిచ్చింది.

"నన్ను కొలవండి అత్తయ్యా. భుజం ఈ చివర నుంచి ఆ చివరకి."

"నాకు రాదే అమ్మాయ్."

"నేను చెప్తాను."

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని, టేపుని బారుగా పట్టుకుని వెనక్కి వచ్చింది. "పదిహేను... పదిహేనున్నరా? ఏది నమ్మాలి? కదలకమ్మా కాస్త, ఎప్పుడూ ఆ పరుగేమిటి" అని కసిరింది. టేపక్క కదలకుండా కూర్చుంది. తన ఒంటి మీద ఇంకొకరి చెయ్యి ఇంత జాగ్రత్తగా పడి ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టబోయి, మానేసింది. పెరట్లో ఆయన దుప్పటి పిండుతున్న చప్పుడు వినిపిస్తోంది, సరిగ్గా పిండట్లేదని చప్పుడులోనే తెలుస్తోంది. లేచి వెళ్ళలేదు.

కొత్త బ్రౌన్ పేపరు పరిచింది. గీసింది. మాస్టరుగారి కత్తెరతో, ఆగకుండా, ఒక్క ఊపులో కత్తిరించింది. ముందుభాగం, వెనకభాగం, రెండు చేతులు. పైన పేరు రాయాలని పెన్సిలు పెట్టి ఆగింది. పాపకి తను అమ్మ. అత్తగారికి అమ్మాయ్. ఆయనకి ఏమోయ్. యూనిట్లో టేపక్క, రేపటినుంచి మాస్టరు. మిగతా మూడు కాగితాల మీదా ఎవరు తనకేమవుతారో రాసుకుంది. ఈ కాగితం ఎవరికీ ఏమీ కానక్కర్లేదు.

"నేను" అని రాసి, ఆ మూడింటికీ ముందు తగిలించింది.